అట్రాసిటీ లెక్కలను చార్టుగా గీసేటప్పుడు

జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల్లో షెడ్యూల్డ్ కులాల మీద నేరాల కింద 2020లో 50,291 కేసులు నమోదయ్యాయి. 2021లో 50,900. పెరిగినవి 609 కేసులు, అంటే నూటికి ఒకటికి కాస్త ఎక్కువ. ఈ రెండు అంకెలను బార్ చార్టుగా గీసి, నిలువు గీత మీది లెక్కను సున్నాకు బదులు 50,000 దగ్గర మొదలుపెట్టి చూడండి. మొదటి బారు ఎత్తు 291, రెండో బారు ఎత్తు 900 అవుతుంది. ఒక్క ఏడాదిలో దాడులు మూడింతలయ్యాయని చూసినవాళ్లు అనుకుంటారు. అంకెలు రెండూ నిజమే, బొమ్మ మాత్రం అబద్ధం చెబుతుంది.

దీన్ని తిరగేసి కూడా చేయొచ్చు. 2018లో 42,793 ఉన్న కేసులు 2022 నాటికి 57,582 అయ్యాయి. నాలుగేళ్లలో దాదాపు 35 శాతం పెరుగుదల. అదే చార్టులో నిలువు గీతను 5 లక్షల దాకా సాగదీస్తే బార్లన్నీ నేలకు అతుక్కుపోయి ఒకే ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తాయి. "పరిస్థితి అదుపులోనే ఉంది" అని చెప్పదలచుకున్నవాళ్లకు ఈ బొమ్మ బాగా పనికొస్తుంది.

రెండో మోసం గురించి మనం తరచూ మాట్లాడుకుంటాం. నా దృష్టిలో మొదటిదే మనకు ఎక్కువ ప్రమాదం. నిజ నిర్ధారణ కమిటీ నివేదికలో ముప్పై పేజీల సాక్ష్యం ఉన్నా, అందులో ఒక్క చార్టు సాగదీసినట్టు దొరికితే చాలు, అవతలి వకీలో అధికారో ఆ ఒక్క పేజీ పట్టుకుని మొత్తం నివేదికను పక్కన పడేస్తారు. కాబట్టి బారు అన్నప్పుడు సున్నా నుంచే మొదలవ్వాలి. దీనికి మినహాయింపు లేదు. ఎందుకంటే బారు విషయంలో కన్ను పోల్చుకునేది పొడవునే. గీత చార్టుకు ఈ నియమం అంత కఠినం కాదు. అక్కడ కన్ను వాలును చూస్తుంది. సున్నా నుంచి మొదలుపెట్టకపోతే ఆ సంగతి పక్కనే రాస్తే సరిపోతుంది.

ఇప్పుడు విద్యార్థి సంఘాలు, న్యాయ సహాయ బృందాలు, జిల్లా స్థాయి కార్యకర్తలు సమాచార హక్కు చట్టం కింద తెచ్చిన లెక్కలతో సొంతంగా డాష్‌బోర్డులు పెట్టుకుంటున్నారు. ఎక్సెల్, గూగుల్ షీట్స్, డేటారాపర్ లాంటివి చేతికందాక చార్టు గీయడం పది నిమిషాల పని. ఏ చార్టు గీయాలి, దాని కింద ఏం రాయాలి అన్నదే అసలు పని. ఈ వ్యాసం ఆ పని గురించే.

కన్ను ఏది బాగా పోలుస్తుంది

1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు మనుషులు చార్టుల్లో దేన్ని ఎంత కచ్చితంగా పోల్చగలరో ప్రయోగాలు చేసి చూశారు. ఒకే గీత మీద ఎవరు ఎంత దూరంలో ఉన్నారన్నది మనం బాగా పోల్చగలం. పొడవులు, కోణాలు ఆ తర్వాత. వైశాల్యాల దగ్గర ఇంకా తడబడతాం, రంగు ముదురు లేతల దగ్గరైతే మరీ.

దీన్నుంచి తెలిసేది ఒకటే. పై చార్టుకు అంత ప్రేమ అక్కర్లేదు. మూడు ముక్కల దాకా ఫర్వాలేదు. రాష్ట్రాలవారీ కేసులను పన్నెండు ముక్కల పైగా కోసి, పక్కన పన్నెండు రంగుల పట్టీ పెడితే చదివేవాళ్లు ముక్కకూ పట్టీకీ మధ్య చూపు తిప్పుకుంటూ అలసిపోతారు. అవే అంకెలను అడ్డంగా పడుకున్న బార్లుగా, పెద్దది పైన, చిన్నది కింద పేర్చి, ప్రతి బారు పక్కనే రాష్ట్రం పేరూ అంకే రాస్తే ఒక్క చూపులో అందుతాయి. తెలుగుకు అడ్డం బార్లు మరీ నప్పుతాయి. మన జిల్లాల పేర్లు పొడుగు. నిలువు బార్ల కింద "శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు" అని ఏటవాలుగా రాస్తే చదవడానికి మెడ వంచాలి. ఇక త్రీడీ బార్లు, త్రీడీ పై చార్టులు ఎక్కడా వద్దు. ముందున్న ముక్క పెద్దదిగా, వెనకున్నది చిన్నదిగా కనిపించడం తప్ప వాటితో వచ్చేదేమీ లేదు.

హారం లేని లెక్క

2021లో ఎస్సీల మీద నేరాల కేసులు ఉత్తరప్రదేశ్‌లో 13,146, రాజస్థాన్‌లో 7,524, మధ్యప్రదేశ్‌లో 7,214, బీహార్‌లో 5,842. ఈ వరుసలో బార్లు పేరిస్తే ఉత్తరప్రదేశ్ అందరికంటే ఎత్తున నిలుస్తుంది. పత్రికల్లో హెడ్డింగు కూడా అదే వస్తుంది. కానీ 2011 జనగణన ప్రకారం ఉత్తరప్రదేశ్‌లో ఎస్సీలు 4.13 కోట్ల మంది. రాజస్థాన్‌లో 1.22 కోట్లు, మధ్యప్రదేశ్‌లో 1.13 కోట్లు. లక్ష మంది ఎస్సీ జనాభాకు ఎన్ని కేసులని చూస్తే మధ్యప్రదేశ్ 63.6, రాజస్థాన్ 61.6, బీహార్ 35.3, ఉత్తరప్రదేశ్ 31.8. వరుస తలకిందులైంది.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఇదే జరిగింది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో 2,014 కేసులు, తెలంగాణలో 1,772. కేసుల సంఖ్యలో ఆంధ్ర ముందుంది. జనాభాతో భాగిస్తే తెలంగాణలో లక్షకు సుమారు 33, ఆంధ్రలో సుమారు 24. ఏ చార్టు నిజమని విద్యార్థులు అడుగుతుంటారు. రెండూ నిజమే, అవి జవాబు చెప్పే ప్రశ్నలు వేరు. ప్రత్యేక కోర్టులు ఎన్ని కావాలి, పరిహారానికి బడ్జెట్ ఎంత కావాలి అని అడిగేటప్పుడు సంఖ్య కావాలి. ఏ రాష్ట్రంలో ఒక దళితుడి మీద జరిగిన నేరం కేసుదాకా వెళ్లడం ఎక్కువ అని అడిగేటప్పుడు రేటు కావాలి. డాష్‌బోర్డులో రెండూ పక్కపక్కనే పెట్టడం మంచిది.

పై వాక్యంలో "కేసుదాకా వెళ్లడం" అన్న మాటను కావాలనే వాడాను. పశ్చిమ బెంగాల్లో ఎస్సీలు 2 కోట్లకు పైగా ఉన్నారు. అక్కడ ఏడాదికి నమోదయ్యే కేసులు వందకు కాస్త అటూ ఇటూ. రేటు 1 కూడా లేదు. కేరళలో 2021 రేటు దాదాపు 31. కేరళలో దళితుడిగా బతకడం బెంగాల్లో కంటే అరవై రెట్లు ప్రమాదకరమని ఎవరైనా నమ్ముతారా? ఆ చార్టు కొలిచింది అఘాయిత్యాలను కాదు, పోలీస్ స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ దాకా చేరిన ఫిర్యాదులను. స్టేషన్ గుమ్మం దగ్గరే "రాజీ పడండి" అని పంపేసినవి, ఎస్సీ, ఎస్టీ చట్టం సెక్షన్లు పెట్టకుండా మామూలు కొట్లాటగా రాసినవి ఇందులో లేవు. అందుకే చార్టు పేరు "దళితులపై దాడులు" అని పెట్టకూడదు, "నమోదైన కేసులు" అని పెట్టాలి. రెండు పదాల తేడాయే. కానీ కేసులు పెరిగిన జిల్లాలో ఎస్పీని తిట్టాలా, ధైర్యంగా ఫిర్యాదు చేసిన జనాన్నీ వాళ్ల వెంట నిలబడిన కార్యకర్తలనూ మెచ్చుకోవాలా అన్నది ఆ రెండు పదాల మీదే ఆధారపడుతుంది.

హారం విషయంలో ఇంకో రెండు చిక్కులు. రేటు లెక్కకు ఇప్పటికీ 2011 జనాభానే వాడుతున్నారు. అప్పటి నుంచి జనాభా పెరిగింది, హారం మాత్రం పెరగలేదు. కాబట్టి ఏటా పెరిగే రేటులో కొంత భాగం పాత జనాభా లెక్క వల్ల వచ్చేదే. ఈ సంగతి చార్టు కింద చిన్న అక్షరాల్లోనైనా ఉండాలి. రెండోది, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, ఆ తర్వాత చేర్చిన సిక్కులు, బౌద్ధులు మాత్రమే ఎస్సీలు. దళిత క్రైస్తవులు ఆ గీతకు అవతలే ఉన్నారు. గుంటూరు, కృష్ణా, గోదావరి పల్లెల్లో తిరిగినవాళ్లకు ఈ గీత ఎంతమందిని వదిలేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పేటలో ఇద్దరి మీద ఒకే రాత్రి దాడి జరిగితే ఒకరు లెక్కలోకి వస్తారు, ఇంకొకరు రాకపోవచ్చు.

కేసు ఒక లెక్క, మనుషులు వేరే లెక్క అన్నది కూడా మరిచిపోకూడదు. 1991లో చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. అలాంటి ఘటన ఒకే ఎఫ్‌ఐఆర్ కింద వస్తే కేసుల చార్టులో ఒక అంకెగానే చేరుతుంది. ఎన్‌సీఆర్‌బీ పట్టికల్లో ఘటనలకూ బాధితులకూ వేర్వేరు గడులుంటాయి. చార్టు గీసేవాళ్లు ఏ గడి తీసుకున్నారో రాయాలి. పైగా ఒకే ఎఫ్‌ఐఆర్‌లో అనేక నేరాలుంటే బ్యూరో వాటిలో తీవ్రమైన దాన్నే లెక్కిస్తుంది. అత్యాచారం చేసి చంపితే అది హత్యల కింద పడుతుంది. కాబట్టి దళిత మహిళల మీద అత్యాచారాల బారు ఎప్పుడూ అసలు కంటే పొట్టిగానే ఉంటుంది.

సున్నా, ఖాళీ గడి

డాష్‌బోర్డులో నాకు ఎక్కువ భయం కలిగించేది సున్నా. ఒక జిల్లా నుంచి లెక్క రాలేదు. టైపు చేసేవాళ్లు గడి ఖాళీగా వదిలేశారు. సాఫ్ట్‌వేర్ దాన్ని సున్నాగా తీసుకుని బారు లేకుండా చూపించింది. చూసే కలెక్టరుకు ఆ జిల్లా ఆదర్శ జిల్లా. "కేసుల్లేవు" అన్నది ఒక సమాచారం. "జవాబు ఇవ్వలేదు" అన్నది అంతకంటే ముఖ్యమైన సమాచారం. రెండో దానికి వేరే గుర్తు ఉండాలి. బూడిద రంగు గీతల పట్టీ వేసి దాని మీదే "లెక్క ఇవ్వలేదు" అని రాస్తే చాలు.

నిర్వచనం వల్ల పుట్టే సున్నాలు కూడా ఉంటాయి. చేతులతో మలం ఎత్తే పని వల్ల మరణాలేవీ లేవని కేంద్రం 2021లో పార్లమెంటుకు చెప్పింది. మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగి చనిపోయినవాళ్ల లెక్క మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉంది, దానికి వేరే శీర్షిక పెట్టారు. 2013 చట్టం నిర్వచనాలను ఆసరా చేసుకుని ఒక గడిలో సున్నా వేసి, మరణాలను పక్క గడిలోకి జరిపారు. సఫాయి కర్మచారీ ఆందోళన్ ఏళ్ల తరబడి పేరు పేరునా మరణాలను నమోదు చేస్తూ వచ్చింది ఇందుకే. మీ డాష్‌బోర్డులో ఈ విషయం పెడితే రెండు గడులనూ ఒకే చార్టులో పక్కపక్కన పెట్టండి, నిర్వచనాన్ని బార్ల పక్కనే రాయండి. ఎక్కడో కింద "వివరాలకు ఇక్కడ నొక్కండి" అని పెడితే ఎవరూ నొక్కరు.

సబ్‌ప్లాన్ నిధుల సంగతీ ఇలాంటిదే. కేటాయింపు బారు ఒక్కటే గీస్తే అది ప్రభుత్వ ప్రకటన అవుతుంది. కేటాయింపు, విడుదల, ఖర్చు అని మూడు బార్లు ఒకదాని కింద ఒకటి పెట్టాలి. మూడోది ఎంత కుంచించుకుపోయిందో జనానికి వెంటనే తెలుస్తుంది.

వంద గడుల చార్టు

శిక్ష పడిన కేసుల శాతం మూడో వంతు చుట్టూ ఉందని చదివినప్పుడు చాలామంది వంద కేసుల్లో ముప్పై మూడింటికి శిక్ష పడిందనుకుంటారు. కాదు. ఆ శాతానికి హారం ఆ ఏడాది విచారణ పూర్తయిన కేసులు. కోర్టుల్లో ఉన్న మొత్తం కేసులు కావు. 2021 చివరికి ఎస్సీల మీద నేరాల కేసుల్లో నూటికి సుమారు 96 కోర్టుల్లోనే పెండింగులో ఉన్నాయి.

దీనికి నాకు తెలిసిన మంచి బొమ్మ పది వరుసలు, పది నిలువులుగా వంద చిన్న గడులు. తొంభై ఆరు గడులు బూడిద రంగులో. మిగిలిన నాలుగింటిలో రెండో మూడో నిర్దోషులని వదిలేసినవి. శిక్ష పడినది ఒకటి, మహా అయితే రెండు. చదువు రాని తల్లికి కూడా ఆ ఒక్క గడి చూపించి మాట్లాడొచ్చు. శాతం అన్న మాటే ఎత్తక్కర్లేదు.

ఆలస్యాన్ని చూపించడానికి సగటు పనికిరాదు. 1995 నిబంధనలకు 2016లో చేసిన సవరణ ప్రకారం దర్యాప్తు ముగించి 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. ఆ దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. ఛార్జిషీటు పడ్డాక వీలైనంత వరకు రెండు నెలల్లో విచారణ ముగియాలని చట్టం అంటుంది. జిల్లాలో ఇరవై కేసులుంటే ఒక్కో కేసుకు ఒక్కో చుక్క పెట్టండి. అడ్డంగా రోజులు. 60 దగ్గర నిలువుగా ఒక గీత. గీతకు ఎడమ వైపు ఎన్ని చుక్కలు, కుడి వైపు ఎన్ని చుక్కలు అన్నది ఒక్క చూపులో తెలిసిపోతుంది. "సగటున 74 రోజులు" లాంటి మాట వెనక రెండేళ్లుగా కదలని కేసు దాక్కోగలదు, చుక్కల చార్టులో దాక్కోలేదు. చుండూరు కేసులో ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది, ఘటన జరిగిన పదహారేళ్లకు. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. అలాంటి కేసును ఈ చార్టులో పెట్టాలంటే కాగితం చాలదు.

జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలని నిబంధన. ఆ సమావేశంలో ఒక సభ్యుడికి మాట్లాడే సమయం ఎంత దొరుకుతుందో వెళ్లినవాళ్లకు తెలుసు. ఆ కొద్ది నిమిషాల్లో పదిహేను చార్టులు చూపించలేం. 60 రోజుల గీత ఉన్న ఈ ఒక్క కాగితం చాలు.

డు బాయ్స్ చేతి రాత

సాఫ్ట్‌వేర్ లేని రోజుల్లో ఈ పని ఎలా చేశారో చూడాలంటే 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శన దగ్గరికి వెళ్లాలి. అట్లాంటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే డబ్ల్యూ.ఇ.బి. డు బాయ్స్, తన విద్యార్థులతో కలిసి, నల్లజాతి అమెరికన్ల జీవితం మీద సుమారు అరవై చార్టులు సిరాతో, నీటి రంగులతో చేత్తో గీశారు. వాటిలో బానిసలు, స్వతంత్రుల నిష్పత్తిని చూపించే చార్టు ఒకటుంది. 1790 నుంచి దశాబ్దాల తరబడి నల్లని ముద్ద, పైన సన్నటి ఆకుపచ్చ అంచు. చివరికొచ్చేసరికి ఆకుపచ్చ ఒక్కసారిగా అడుగుదాకా దిగుతుంది. రెండే రంగులు, కొద్దిపాటి అంకెలు, పొట్టి శీర్షిక. విముక్తి అంటే ఏమిటో అది చూపించినట్టు పేజీలకు పేజీల పట్టికలు చూపించలేవు.

1946లో అంబేడ్కర్ డు బాయ్స్‌కు ఉత్తరం రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లజాతి వాళ్లు పెడుతున్న విజ్ఞాపన గురించి అడిగారు, ఆయన జవాబిచ్చారు. ఆ చార్టుల ప్రస్తావన ఆ ఉత్తరాల్లో లేదు. అయినా మన విద్యార్థులు ఆ అరవై చార్టులనూ ఒకసారి చూడాలి. ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి.

రంగులు, ఫోను, పేర్లు

తెలుగు రాష్ట్రాల్లో రంగు అమాయకమైనది కాదు. పసుపు, గులాబీ పక్కపక్కన పెడితే చార్టును చదవకముందే పార్టీలుగా చదువుతారు. ఎరుపు, ఆకుపచ్చ జంట మరో చిక్కు, ఆ రెండింటి తేడా కనిపించని మగవాళ్లు గణనీయంగానే ఉంటారు. నీలం మన రంగు గనుక అంతటా నీలమే పూయాలన్న ఉబలాటం ఉంటుంది. అన్ని బార్లూ నీలమైతే ఏదీ కంటికి తగలదు. మీరు మాట్లాడుతున్న జిల్లా ఒక్కటే నీలం, మిగతావన్నీ బూడిద రంగు చేసి చూడండి.

సాఫ్ట్‌వేర్ తనంతట తాను 50.9కే అనో 0.05ఎమ్ అనో రాస్తుంది. దాన్ని 50,900గా, లక్షలు కోట్లుగా మార్చాలి. తెలుగు అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి గనుక వరుసల మధ్య జాగా ఎక్కువ వదలాలి. కొన్ని పైథాన్ లైబ్రరీలు వత్తులను విడగొట్టి పక్కన పడేస్తాయి. "రాష్ట్రం" అని ఒక్క మాట రాసి పరీక్షిస్తే తెలిసిపోతుంది.

పటం గీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. మండలం స్థాయిలో ఒక్కటే చుక్క, పక్కన "అత్యాచారం, 2023" అని ఉంటే ఆ ఊళ్లో అందరికీ ఆ అమ్మాయి ఎవరో తెలుస్తుంది. బాధితురాలిని గుర్తుపట్టేలా వివరాలు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం కూడా. అంకె మరీ చిన్నదైతే మండలాన్ని వదిలి జిల్లాకు, ఏడాదిని వదిలి మూడేళ్లకు వెళ్లండి. ఈ విషయంలో కచ్చితత్వం కొంత తగ్గినా ఫర్వాలేదు.

చివరగా, మీ డాష్‌బోర్డును కంప్యూటర్ తెర మీద చూసేవాళ్లు తక్కువ. ఎక్కువమంది వాట్సాప్‌లో ఎవరో పంపిన స్క్రీన్‌షాట్ చూస్తారు. అందులో మీ వెబ్‌సైటు పేరు ఉండదు, మీరు పక్కన రాసిన వివరణ ఉండదు. కాబట్టి ఏ ఏడాది, ఎక్కడి లెక్క, నమోదైన కేసులా బాధితులా, ఏ రోజు వరకు వచ్చిన సమాచారం అన్నవి చార్టు బొమ్మ లోపలే రాయండి. అచ్చు వేసే ముందు ఆరు అంగుళాల ఫోను మీద తెరిచి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, కింది వరుస చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి.